ఓపిక

‘ఓపు’ అంటే భరించు, చేయగలుగు. దాన్నుంచి వచ్చిన ‘ఓపిక’కు సహనమనీ ఒంట్లో సత్తువనీ రెండర్థాలు. అండాశయ క్యాన్సర్ వచ్చిన పెద్దావిడకు ఈ రెండూ చేటు తెస్తున్నాయి. సహనంతో కడుపుబ్బరాన్ని గ్యాసని సరిపెట్టుకుని నెలలు గడిపేస్తుంది. తీరా జబ్బు బయటపడ్డాక ‘ఈ వయసులో కీమోకి ఓపికెక్కడిది?’ అంటారు ఇంట్లోవాళ్లు. సత్తువను వయసుతో లెక్కగట్టకూడదు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. పిడికిలి పట్టు, తగ్గిన బరువు, వేసుకునే మాత్రలు చూడాలి.

నిజంగానే నీరసించినవారికి మందు తగ్గించడమే దయ కదా అనవచ్చు. 2021లో వెలువడిన ఈవాక్-1 అధ్యయనం దీనికి ఎదురు చెబుతోంది. ఈ జబ్బున్న 70 ఏళ్లు, ఆపై వయసు బలహీనుల్లో కార్బోప్లాటిన్ అనే కీమో మందు ఒక్కటే తీసుకున్నవారు, దానికి పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు కలిపి తీసుకున్నవారికంటే తక్కువకాలం బతికారు. కనుక మందు తగ్గించేముందు తిండి, రక్తహీనత సరిదిద్ది ఓపిక పెంచవచ్చేమో చూడాలి, ఆవిడేం కోరుకుంటోందో ఆవిడనే అడగాలి.