మాస్టర్‌చెఫ్, బేక్ ఆఫ్, చాప్‌డ్.. వంట ఒకటే, రూల్సే వేరు! ఏ షోలో ఎవరు ఎలా గెలుస్తారంటే?

టీవీలో పాటల పోటీ వస్తే ఇంట్లో అందరూ జడ్జీలే. శృతి తప్పితే వెంటనే పట్టేస్తారు. డ్యాన్స్ షో అయినా అంతే. కానీ వంటల పోటీ అలా కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందో, తక్కువైందో చూసేవాళ్లకు తెలిసే దారే లేదు. జడ్జి ముఖం చూసి నమ్మాల్సిందే. అందుకే ఈ షోలకు రూల్సే ప్రాణం. ఎవరు పోటీ పడొచ్చు? చేతికి రెసిపీ ఇస్తారా? ఏ ప్లేటు ఎవరిదో జడ్జికి ముందే తెలుస్తుందా? వీటిని బట్టే విజేత మారిపోతారు. బాగా పేరున్న షోలు ఒకదానికొకటి ఎలా తేడాగా ఉంటాయో ఓ లుక్కేద్దాం.

ఐరన్ చెఫ్: ఒకే సరుకు, గంట టైమ్

వంటను ఆటల పోటీలా మార్చేసిన షో ఇది. జపాన్‌లో ఫుజీ టీవీలో 1993లో మొదలై 1999 వరకు నడిచింది. షో తరఫున ఐరన్ చెఫ్‌లు ఉంటారు. బయటి నుంచి వచ్చిన చెఫ్ వాళ్లలో ఒకరిని సవాల్ చేయాలి. అప్పటికప్పుడు ఓ ముఖ్యమైన సరుకు బయటపెడతారు. గంటలో దాంతోనే రకరకాల వంటకాలు చేయాలి. ఇక్కడ ఇంటి వంటవాళ్లకు చోటు లేదు. అంతా ప్రొఫెషనల్సే.

మాస్టర్‌చెఫ్: ఇంటి వంటింటి నుంచి టీవీకి

బ్రిటిష్ సినిమా దర్శకుడు ఫ్రాంక్ రాడమ్ ఆలోచన ఇది. 1990లో బీబీసీలో మొదలైంది. అయితే అసలు క్రేజ్ తెచ్చింది మాత్రం 2009లో వచ్చిన ఆస్ట్రేలియా వెర్షనే. వంట వృత్తిగా లేని మామూలు మనుషులే ఇందులో కంటెస్టెంట్లు. మిస్టరీ బాక్స్‌లో ఏ సరుకులున్నాయో తెరిచేదాకా తెలియదు. ప్రెజర్ టెస్ట్‌లో పెద్ద చెఫ్ చేసిన కష్టమైన డిష్‌ను రెసిపీ చూసి అచ్చుగుద్దినట్టు దించాలి. ఇమ్యూనిటీ పిన్ గెలిస్తే ఒకసారి ఎలిమినేషన్ గండం నుంచి తప్పించుకోవచ్చు.

ఈ షోలో వంటతో పాటు మనిషి కథ కూడా నడుస్తుంది. 2018లో ఆస్ట్రేలియా టైటిల్ గెలిచిన శశి చెలయ్య భారత సంతతి వ్యక్తి. అప్పటికి ఆయన జైలు అధికారి. ఫైనల్లో 100కు 93 పాయింట్లు కొట్టారు.

ఇక 2021 ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌదరి ఏం వండారో తెలుసా? పాంతా భాత్. అంటే రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున తినేది. మన చద్దన్నానికి చుట్టం అన్నమాట! పక్కన ఆలూ భర్తా, చేప. ఆమె మూడో స్థానంతో సరిపెట్టుకున్నా ఆ ప్లేటు మాత్రం సోషల్ మీడియాను ఊపేసింది. పేదల తిండి అని చిన్నచూపు చూసే అన్నం ఫైనల్ టేబుల్ దాకా వెళ్లిందని చాలామంది సంబరపడ్డారు.

బేక్ ఆఫ్: డబ్బు లేదు, పేరుంది

2010లో బీబీసీలో మొదలైన ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్ 2017 నుంచి ఛానల్ 4లో వస్తోంది. విజేతకు నగదు ఉండదు. కేక్ స్టాండ్, పూలగుత్తి ఇస్తారంతే. ప్రతి వారం మూడు రౌండ్లు ఉంటాయి. మొదటిది ఇంట్లో బాగా సాధన చేసి వచ్చే సిగ్నేచర్. చివరిది గొప్పగా కనిపించాల్సిన షోస్టాపర్. మధ్యలో వచ్చే టెక్నికల్ రౌండే అసలు స్పెషల్. అరకొర రెసిపీ ఇస్తారు. పైగా ఏది ఎవరు చేశారో తెలియకుండానే జడ్జీలు రుచి చూస్తారు.

2018లో ఈ టైటిల్ గెలిచింది మన దేశంలో పుట్టి, బ్రిటన్‌లో సైంటిస్టుగా పనిచేస్తున్న రాహుల్ మండల్.

అలాగని ఇక్కడ గొడవల్లేవని కాదు. 2014లో ఓ కంటెస్టెంట్ ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ బయట ఉండి కరిగిపోయింది. కోపంతో చేసిందంతా చెత్తబుట్టలో పడేసి, ఆ బుట్టనే జడ్జీల ముందుకు తెచ్చాడు. రుచి చూడ్డానికే ఏమీ లేకపోవడంతో ఇంటికెళ్లాల్సి వచ్చింది. ఎడిటింగ్ వల్ల తప్పు ఇంకొకరిదన్నట్టు కనిపించిందని ప్రేక్షకుల నుంచి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చూసేవాళ్లకు రుచే కాదు, జరిగింది కూడా పూర్తిగా తెలియదనడానికి ఇదో ఉదాహరణ.

టాప్ చెఫ్, చాప్‌డ్: పని తెలిసినవాళ్ల పోరు

అమెరికాలో 2006లో మొదలైన టాప్ చెఫ్ ప్రొఫెషనల్ చెఫ్‌ల పోటీ. చెన్నైలో పుట్టిన పద్మాలక్ష్మి రెండో సీజన్ నుంచి చాలా ఏళ్లు దీన్ని నడిపించారు. దీని అనుబంధ షో టాప్ చెఫ్ మాస్టర్స్‌లో 2011లో ముంబైలో పుట్టిన ఫ్లాయిడ్ కార్డోజ్ గెలిచారు. ఫైనల్లో ఆయన పెట్టిన వాటిలో పుట్టగొడుగులతో చేసిన ఉప్మా కూడా ఉంది. టిఫిన్‌కి ఉప్మా అంటే ముఖం తిప్పుకునేవాళ్లు ఒక్కసారి గుర్తుచేసుకోవాలి!

చాప్‌డ్ 2009లో వచ్చింది. ఒక్క ఎపిసోడ్‌లోనే కథ ముగిసిపోతుంది. నలుగురు చెఫ్‌లు, మూడు రౌండ్లు. రౌండ్‌కి ఒకరు ఔట్. బుట్టలో ఇచ్చిన పొంతన లేని సరుకులన్నీ వాడాల్సిందే. మిగిలినవారికి 10,000 డాలర్లు. కన్నీళ్ల కథలకు ఇక్కడ పెద్దగా టైమ్ ఉండదు.

మరి మన దగ్గర?

మాస్టర్‌చెఫ్ ఇండియా 2010లో స్టార్ ప్లస్‌లో అక్షయ్ కుమార్‌తో మొదలైంది. తొలి విజేత పంకజ్ భదౌరియా లక్నో టీచర్. 2015 నాటి నాలుగో సీజన్ మొత్తం శాకాహారంతోనే నడిచింది. 2023లో సోనీలో అస్సాం కుర్రాడు నయన్‌జ్యోతి సైకియా గెలిచి 25 లక్షల రూపాయలు అందుకున్నారు. ఆ సీజన్‌లోనే చేప వండాల్సిన ఛాలెంజ్‌లో ఓ శాకాహార కంటెస్టెంట్‌కు పనీర్ వాడే వీలిచ్చారు. దీంతో రూల్స్ అందరికీ ఒకటేనా అని నెటిజన్లు నిలదీశారు. తినే అలవాటును గౌరవించాలా, పోటీ సమానంగా ఉండాలా అన్నది మన దేశంలో తేలిగ్గా తెగే పంచాయితీ కాదు.

తెలుగులో 2021లో జెమినీ టీవీలో మాస్టర్‌చెఫ్ వచ్చింది. తమన్నా హోస్ట్‌గా మొదలైన షోను తర్వాత అనసూయ నడిపించారు. యూట్యూబ్‌లో వాహ్‌చెఫ్‌గా తెలిసిన సంజయ్ తుమ్మ జడ్జీల్లో ఒకరు.

ఏ షో ఎవరికి?

వేగం, టెన్షన్ కావాలంటే చాప్‌డ్. చెఫ్‌ల పనితనం చూడాలంటే టాప్ చెఫ్. ఇంట్లో వండేవాళ్లు ఎలా ఎదుగుతారో చూడాలంటే మాస్టర్‌చెఫ్. ఎవరి మొహం చూడకుండా వంటకే మార్కులు పడాలనుకుంటే బేక్ ఆఫ్ టెక్నికల్ రౌండ్. ఈసారి ఏ షో చూసినా ప్లేటు జడ్జి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక్కటి గమనించండి. అది ఎవరిదో ఆయనకు తెలుసా, తెలియదా? తీర్పును ఎంతవరకు నమ్మొచ్చో సగం అక్కడే తేలిపోతుంది.