చీమ కుట్టిందని ఏడ్చిన పిల్లవాడు

పిల్లలు గట్టిగా ఏడిస్తే దెబ్బ తగిలిందేమోనని పరుగెత్తుతాం. కానీ పొద్దున లేచింది మొదలు "అమ్మా... ఊఁ... నాకిది వద్దూ..." అని సన్నగా రాగం తీస్తూ కొంగు పట్టుకుని తిరిగితే మాత్రం ఒళ్ళు మండుతుంది. అది ఏడుపూ కాదు, మాటా కాదు. మా కొమరోలు వైపు దానికి నస, సణుగుడు, గునవడం, మారాం, పేచీ అని ఎన్ని పేర్లో! ఇన్ని పేర్లున్నాయంటే ఎన్ని తరాల తల్లులు దీనితో వేగి ఉంటారో ఆలోచించండి.

నస వింటే చిరాకు పడేది మన ఓపిక తక్కువై కాదు. 2011లో రోజ్‌మేరీ సోకల్ చాంగ్, నికొలస్ థాంప్సన్ అనే అమెరికా పరిశోధకులు కొందరికి తీసివేత లెక్కలు ఇచ్చి, చెవుల్లో రకరకాల చప్పుళ్ళు వినిపించారు. కర్ర కోసే రంపం మిషను మోత కూడా అందులో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా లెక్క చెడగొట్టింది పిల్లల నసే! ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా, పిల్లలున్నవాళ్ళకైనా లేనివాళ్ళకైనా అంతే.

మరి మన పూర్వపు తల్లులు దీన్ని ఎట్లా తట్టుకున్నారు? వాళ్ళ రోజువారీ సంగతులు చరిత్ర పుస్తకాల్లో దొరకవు. పాటల్లో, మాటల్లో, మందు సీసాల్లో వెతుక్కోవాలి.

మా మండలానికి పొరుగునే ఉన్న కడప సీమ నుంచి మొదలుపెడతాను. తాళ్ళపాక అన్నమయ్య (1408-1503) కీర్తనల్లో "ఇట్టి ముద్దులాడి బాలుడు" మీరు వినే ఉంటారు. బి.ఎ.లో తెలుగు చదివేటప్పుడు నాకది అందమైన పాట, అంతే. ఇంట్లో పిల్లల మధ్య ఉంటూ వింటే వేరుగా వినిపిస్తుంది. అందులో చిన్నికృష్ణుడు కాగుతున్న వెన్నలో చెయ్యి పెడతాడు. చీమ కుట్టిందంటూ చెంపల మీద కన్నీళ్ళు కారేలా ఏడుస్తాడు. ఇంకోసారి దొంగలా వచ్చి చిలుకుతున్న పెరుగులో చెయ్యి పెట్టి, నొప్పి పుట్టిందని చొల్లు కారుస్తూ ఏడుస్తాడు. రెండుసార్లూ తప్పు వాడిదే. అయినా కొట్టమని అన్నమయ్య అనలేదు, అబద్ధాలకోరు అనీ అనలేదు. ఊరడించండి అన్నాడు. పల్లవిలోనైతే ముందు వాణ్ణి పట్టి తెచ్చి కడుపు నిండా పాలు పోయమన్నాడు.

నాకు బాగా నచ్చిన సంగతి ఆ చీమ. చెయ్యి కాలింది, కానీ పిల్లవాడు చెప్పేది చీమ సంగతి. చిన్నపిల్లల ఫిర్యాదులన్నీ దాదాపు ఇట్లాగే ఉంటాయి. బాధ నిజం, చెప్పే కారణం వేరు.

రెండో దారి భయపెట్టడం. "ఊరుకో, బూచోడొస్తాడు" అనే మాటకు ఒక కథ ఉంది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పక్షాన నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే జనం నోట్లో బూచి అయిందని చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, పిల్లల్ని భయపెట్టి నోరు మూయించడం బుస్సీ కన్నా చాలా పాతది. 16వ శతాబ్దంలోనే పురందరదాసు కన్నడంలో ఒక పాట కట్టాడు. అందులో కృష్ణుడు యశోదను బతిమాలుకుంటాడు, గుమ్మణ్ణి పిలవొద్దమ్మా, నేను బుద్ధిగా ఉంటాను అని. గుమ్మడంటే వాళ్ళ బూచోడే. ఊరడించిన తల్లీ, బెదిరించిన తల్లీ ఇద్దరూ అయిదు వందల ఏళ్ళ కిందటే ఉన్నారన్నమాట.

మూడో దారి మత్తు. పనికి పోయే తల్లులు పసిపిల్లలు నిద్రపోవడానికి నల్లమందు చిన్న ఉండ చేసి పెట్టేవాళ్ళు. 1893లో నల్లమందు మీద వేసిన రాయల్ కమిషన్ ముందు మన దేశంలోని ఈ అలవాటు గురించి ఎందరో చెప్పారు. ఇంగ్లండులోనూ ఇదే కథ, అక్కడ గాడ్‌ఫ్రే కార్డియల్ అనే నల్లమందు పానకం పోసేవాళ్ళు. 1851లో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లో కూడా మొదట్లో సారా కలిసేది. కడుపు నిండని తల్లి, కూలి పోతే పస్తులుండే తల్లి ఇంకేం చేస్తుంది? వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఇప్పుడు మన చేతిలో ఉన్న నల్లమందు సెల్‌ఫోన్. పిల్ల నోరు మూతపడుతుంది, బాధ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ దారులు తప్పని తెలుగులో గట్టిగా రాసినవాడు చలం. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఊరూరా పిల్లల్ని చూసిన మనిషి. "బిడ్డల శిక్షణ"లో కొట్టడం, భయపెట్టడం వద్దని, పిల్లల్ని మనుషులుగా చూడమని వాదించాడు. ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమె చెప్పిన ఒక సంగతి ఉంది. నడిచి వెళ్తుండగా ఉక్కపోసి ఒక తల్లి తన కోటు విప్పి చేతి మీద వేసుకుంది. ఏడాదిన్నర పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. అలసిపోయాడని అందరూ ఎత్తుకుని ఊరడించబోయారు, ఆగలేదు. కోటు మళ్ళీ వేసుకోమని మాంటిస్సోరి చెప్పింది. తల్లి వేసుకోగానే ఏడుపు ఆగిపోయింది. కోటు ఉండాల్సిన చోట లేకపోవడమే వాడి బాధ. ఇదీ చీమ కథే.

మా ఇంట్లోనూ ఒక చీమ కథ జరిగింది. మా తోడికోడలి కూతురికి నాలుగేళ్ళు. బడి నుంచి రాగానే నస మొదలు. కడుపు నొప్పి, చెప్పు కరుస్తోంది, అన్నం వేడిగా ఉంది, ఏదో ఒకటి. మా అత్త దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పింది. "బడి ఎగ్గొట్టే వేషాలక్కా" అంది తోడికోడలు. మా మామ "బూచోడికి పట్టిస్తా" అనగానే పిల్ల గప్‌చుప్. రెండు రోజులు ఇల్లంతా హాయి. మూడోరోజు రాత్రి ఒళ్ళు కాలిపోయే జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నాడు డాక్టరు. ఆయన ఒళ్ళో కూచోబెట్టుకుని మెల్లగా అడిగితే చెప్పింది, బడిలో దొడ్డి చీకటిగా ఉంటుందట, అందులో బూచోడు ఉంటాడని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకునేదట! మందులతో వారంలో తేరుకుంది. ఆ రోజు నుంచి మా మామ నోట బూచోడి మాట వినలేదు.

అయితే ప్రతి నసకూ లొంగిపోవాలా? అక్కర్లేదు. వినడం వేరు, అడిగిందల్లా ఇవ్వడం వేరు. మేము పాటించే పద్ధతి చిన్నది. ముందు ఆకలా, నిద్రా చూస్తాం. సగం నస అక్కడే తీరుతుంది. తర్వాత పిల్ల ఎత్తున కూచుని "రాగం వద్దు నాయనా, మామూలు గొంతుతో చెప్పు, వింటా" అంటాం. చెప్పిందాకా ఆగుతాం. చాక్లెట్ వద్దంటే వద్దే, పదిసార్లు రాగం తీసినా వద్దే. పదకొండోసారి ఇచ్చామంటే పదకొండుసార్లు అడగడం మనమే నేర్పినట్లు. రోజూ ఒకే వేళకు ఒకే బాధ చెబుతుంటే మాత్రం ఆ వేళకు ముందు ఏం జరుగుతోందో వెతుకుతాం.

నోరు మూయించడం తేలికే, అందుకు వందల ఏళ్ళుగా సాధనాలున్నాయి. కానీ నాలుగేళ్ళప్పుడు చెప్పొద్దని నేర్చుకున్న ఆడపిల్ల పద్నాలుగేళ్ళప్పుడు చెప్పాల్సింది కూడా చెప్పదు. అందుకే ఈసారి మీ పిల్ల చీమ కుట్టిందని వస్తే, చీమ ఏదీ అని అడగకండి. చెయ్యి చూడండి.