ఆరె ఎవరి చేతిలో ఉంటే హాబీ? ఎవరి చేతిలో ఉంటే కులం? (చెప్పు కింద చరిత్ర – 7వ భాగం)



పోయిన భాగంలో పలక గురించి, అంటే మన నెల్లూరు వాళ్ళు పలక అనే డప్పు గురించి రాసుకున్నాం. ఈసారి పలకకు, చెప్పుకు, కపిలకు అన్నిటికీ మూలమైన పనిముట్ల దగ్గరికి వద్దాం.

యూట్యూబ్‌లో 'లెదర్ క్రాఫ్ట్' అని కొట్టి చూడండి. జపాన్ నుంచి, కొరియా నుంచి, అమెరికా నుంచి వీడియోలు వరసకడతాయి. శుభ్రమైన బల్ల, మెత్తటి వెలుతురు, వెనక సన్నగా సంగీతం. ఒక చెయ్యి తోలు మీద గీత గీస్తుంది. ఇంకో చెయ్యి ఆరెతో పొడుస్తుంది. రెండు సూదులు ఎదురెదురుగా ఒకే బొక్కలోంచి దూరి మైనం పూసిన దారాన్ని బిగిస్తాయి. కాసేపటికి ఒక పర్సు తయారు. చూసినవాళ్ళు మనసు ప్రశాంతంగా ఉందంటారు. పెద్ద నగరాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు శని ఆదివారాల్లో ఫీజు కట్టి మరీ ఈ పని నేర్చుకుంటున్నారు.

నాకు వాళ్ళ మీద కోపం లేదు. చేతిపని ఎవరు నేర్చినా మంచిదే. కానీ ఆ బల్ల మీదున్న సామాన్లలో చాలావాటికి తెలుగులో పేర్లున్నాయి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఉదయగిరి, ఆత్మకూరు, మా అనుమసముద్రంపేట చుట్టుపక్కల అరుంధతీవాడల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ళు చేసింది ఎన్నడూ హాబీ కాలేదు. ఎందుకు కాలేదన్నదే ఈ భాగం.

1

ముందు పేర్లు చెప్పుకుందాం. సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనక మాట దగ్గర మొదలుపెట్టడం నాకు అలవాటు.

ఆరె. చెక్కపిడికి బిగించిన మొనదేలిన ఇనుము. తోలుకు బొక్క పెట్టేది ఇదే. సంస్కృతంలో ఇది ఆరా. అమరకోశంలో తోలును పొడిచే పనిముట్టుగా దీన్ని చెప్పారు. ఋగ్వేదం ఆరో మండలంలో పూషన్ అనే దేవుడి చేతిలో ఆరా ఉంటుంది. పిసినారుల గుండెల్ని దానితో పొడవమని ఆయన్ని వేడుకుంటారు. దేవుడి చేతిలో ఉన్నంతసేపు అది మంత్రంలోకి ఎక్కింది. మన చేతికొచ్చేసరికి అంటు అయింది.

రంపె. వెడల్పాటి అంచున్న కత్తి. తోలు కొయ్యడానికీ, అంచును పలచగా చెక్కడానికీ వాడతారు. రెండు తోళ్ళు ఒకదానిమీద ఒకటి వేసి కుట్టేచోట అంచు చెక్కకపోతే దిమ్మలా లేస్తుంది, కాలికి ఒరుసుకుంటుంది. ఈ చెక్కడాన్నే ఇంగ్లీషువాళ్ళు స్కైవింగ్ అంటారు. హాబీగా నేర్చేవాళ్ళకు ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే. చెయ్యి కాస్త బరువైతే తోలు చిరుగుతుంది, కాస్త తేలికైతే కత్తి జారుతుంది.

గూటం. తడిపిన తోలును దీంతో బాదుతారు. బాదితే లోపలి పోగులు దగ్గరికి నొక్కుకుంటాయి, అట్ట తొందరగా అరగదు. అట్ట అంటే చెప్పు అడుగుభాగం. బొటనవేలు దూరేది ఉంగటం. కట్టడానికీ కుట్టడానికీ వాడే తోలుపట్టీ వారు.

లంద. ఇది అన్నిటికంటే పెద్ద చదువు. పచ్చి తోలును నానబెట్టి, సున్నపు నీళ్ళలో వేస్తారు. వెంట్రుక వదులయ్యాక ఒకవైపు వెంట్రుక, ఇంకోవైపు కండ గీకేస్తారు. సున్నం పొయ్యేదాకా కడిగి, తంగేడు చెక్క నానబెట్టిన నీళ్ళలోకి దించుతారు. కిటుకంతా ఇక్కడే ఉంది. మొదట పలచటి చెక్కనీళ్ళు, తర్వాత చిక్కటివి. ముందే చిక్కటి నీళ్ళలో వేస్తే పైపొర బిగుసుకుని మూసుకుపోతుంది, లోపలంతా పచ్చిగానే మిగిలి తర్వాత కుళ్ళుతుంది. దీని వెనక ఉన్న రసాయన శాస్త్రాన్ని ఇప్పుడు బీటెక్ లెదర్ టెక్నాలజీలో పాఠంగా చెప్తారు. లంద దగ్గర దీన్ని ముక్కుతో, వేళ్ళతో నేర్చుకున్నారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. ఆ చెట్టు బెరడును ఇన్ని తరాలు వాడినవాళ్ళ లంద మాత్రం ఊరి బయటే ఉండిపోయింది.

ఇక కుట్టు. మా తాత చెప్పేవాడు: "అబయా, మిషను కుట్టు ఒక్కచోట తెగితే వరసబెట్టి ఊడిపోద్ది. చేతికుట్టు తెగితే తెగినకాడే ఆగిపోద్ది." వీడియోల్లో సాడిల్ స్టిచ్ గొప్పదనం చెప్పేటప్పుడు సరిగ్గా ఈ మాటే చెప్తారు. మిషను కుట్టులో పైదారం, కిందదారం మధ్యలో ముడిపడి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి తెగితే రెండోదానికి పట్టు పోతుంది. రెండు సూదుల చేతికుట్టులో దారం ప్రతి బొక్కలోనూ రెండువైపులనుంచీ దూరుతుంది. ఒకవైపు తెగినా రెండోవైపు పట్టి ఉంచుతుంది.

2

ఇంత విద్య ఉన్నవాడు ఊరికి ఏమయ్యాడు? మన పడమటి నెల్లూరు మెట్టప్రాంతం. బావి కింద సేద్యం చెయ్యాలంటే కపిల కావాలి. కపిల బానకు తోలు తొండం కావాలి. ఎద్దులకు మెడపట్టెడలు, చెర్నాకోల, రైతు కాళ్ళకు చెప్పులు కావాలి. అన్నీ మాదిగే ఇవ్వాలి. బదులుగా కళ్ళంలో కొంత గింజ, చచ్చిన పశువు తోలు మీద హక్కు. మనవాళ్ళకు చేతికి డబ్బు వచ్చే పని కాదది. పలక కొట్టడం, కబురు మోయడం, వెట్టి అన్నీ దానికి జతపడి వచ్చేవి. పని బాగా చేసినా చెయ్యకపోయినా కులం మారదు, వాటా పెరగదు. ఇలాంటి చోట నైపుణ్యానికి పేరు రావడానికి దారే లేదు.

అయినా ఈ తోలే కొందరికి లోకం చూపించింది. ఎర్రగుంట్ల పేరయ్య కథ చాలామందికి తెలీదు. మన ఉదయగిరికి ఉత్తరాన కనిగిరి. తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసినా అప్పట్లో అది నెల్లూరు జిల్లానే. ఆ ప్రాంతపు మాదిగ పేరయ్య. తోళ్ళ బేరం మీద ఊళ్ళు తిరిగినవాడు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చినవాడు. తోళ్ళ కోసం ఉత్తరాదికి పోయినప్పుడే మిషనరీల మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు మిషను చరిత్రలో క్లౌ దొర పేరు పెద్దగా వినపడుతుంది గానీ, ఆయనకంటే ముందు పల్లెల్లో దారి వేసింది పేరయ్యే.

కొత్తగా చేరినవాళ్ళు మూడు పనులు మానాలన్నారు: ఆదివారం పని, విగ్రహపూజ, చచ్చిన పశువు మాంసం. దాంతోపాటే గుడి ముందు పలక కొట్టడమూ ఆగింది. ఊరి పెద్దలకు మంట పుట్టింది ఇక్కడే. దేవుణ్ణి మార్చుకోవడం కంటే వెట్టి ఆగిపోవడమే వాళ్ళకు పెద్ద దెబ్బ. 1876–78 కరువులో పశువులు కుప్పలుగా చచ్చాయి, మనుషులూ చచ్చారు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో క్లౌ ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పెద్దల నోటి కథలు సేకరించి 1899లో పుస్తకం వేసింది. పేరు 'వైల్ సోయింగ్ శాండల్స్', అంటే 'చెప్పులు కుడుతూ' అని. ఆమె చూపు మిషనరీ చూపే, అది మర్చిపోకూడదు. కానీ ఆ పేరులో ఒక నిజముంది. మన తాత్వికులు చెట్టుకింద ఊరికే కూర్చుని మాట్లాడలేదు. ఆరె పట్టుకుని పని చేస్తూ మాట్లాడారు.

3

అదే కాలంలో ఇంకో మార్పు వచ్చింది. మద్రాసునుంచి ఊనిన తోళ్ళు లండన్‌కు ఓడల మీద పోవడం మొదలైంది. పల్లావరం, వాణియంబాడి, రాణిపేట, దిండిగల్‌లలో టానరీలు లేచాయి. కరువులో పశువులు చచ్చేకొద్దీ ఎగుమతి పెరిగింది. అంతకుముందు ఊరికి అంటైన తోలుకు ఇప్పుడు ధర వచ్చింది. ధర వచ్చిందాకా అది మాదిగ హక్కు. ధర వచ్చాక బేరగాడి సరుకు. గూడెం లందకు తోలు కరువైంది. లంద నడిపినవాడి మనవడు టానరీలో కూలీ అయ్యాడు.

ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసులో 1903లో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు మొదలుపెట్టాడు. తంగేడు చెక్కకు బదులు క్రోమియం లవణాలు. తోలు రోజుల్లోనే తయారవుతుంది, నీళ్ళకు చెడదు. ఆయన ఆ తోలును ముఖ్యంగా కపిల బానల కోసం అనుకున్నాడు. అదే చాటర్టన్ బావుల మీద ఆయిల్ ఇంజన్లు పెట్టించే ప్రయత్నమూ చేశాడు. ఒక చేత్తో కపిలకు మంచి తోలు, ఇంకో చేత్తో కపిలను మింగే ఇంజను! 1912లో మొదలైన క్రోమ్ లెదర్ కంపెనీ పేరు మీదే మద్రాసులో క్రోంపేట వెలిసింది. 1948లో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ కూడా మద్రాసులోనే వచ్చింది. విద్య ప్రయోగశాలకు ఎక్కింది. దాన్ని వందల ఏళ్ళు మోసినవాళ్ళకు లోపలికి పోవాలంటే డిగ్రీ కావాల్సి వచ్చింది, డిగ్రీకి బడి కావాల్సి వచ్చింది. మనకు బడి తలుపు తెరుచుకున్నదే ఆలస్యంగా.

4

కుట్టు మిషను చరిత్ర కూడా చూద్దాం. 1846లో ఎలియాస్ హోవ్, 1851లో ఐజాక్ సింగర్ పేటెంట్లు తీసుకున్నారు. 1858లో లైమన్ బ్లేక్ అట్టను పైతోలుకు కుట్టే మిషను కనిపెట్టాడు. చెప్పులు బాగుచేసేవాళ్ళలో పేరుపడ్డది సింగర్ 29కె. దాని చెయ్యి సన్నగా, పొడుగ్గా ఉంటుంది, బూటు లోపలికి దూరుతుంది. అడుగు చుట్టూ తిరుగుతుంది, అంటే తోలును తిప్పాల్సిన పని లేదు, కుట్టే దిక్కునే మార్చుకోవచ్చు. ఇప్పటి హాబీవాళ్ళు పాత 29కె కోసం వెతుక్కుంటారు. దొరక్కపోతే చేత్తో తిప్పే చైనా మిషను కొంటారు.

బూటుకు ఆకారమిచ్చే అచ్చు మీద పైతోలును లాగి బిగించే పని మాత్రం చాలాకాలం ఏ మిషనుకూ లొంగలేదు. చేతిపనివాడు రోజుకు 50 జతలు బిగిస్తే గొప్ప. దాన్ని మిషనుకు లొంగదీసింది ఒక నల్ల మనిషి. జాన్ ఎర్నెస్ట్ మాట్‌జెలిగర్, సురినామ్‌లో 1852లో పుట్టాడు. తల్లి ఆఫ్రికా మూలాల మనిషి. అమెరికాలోని లిన్ ఊళ్ళో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రాత్రిళ్ళు బొమ్మలు గీసుకుంటూ మిషను తయారుచేశాడు. 1883లో పేటెంటు వచ్చింది. ఆయన మిషను రోజుకు 150 నుంచి 700 జతల దాకా బిగించేది. 1889లో క్షయతో 36 ఏళ్ళకే పోయాడు. లాభం కంపెనీలకు పోయింది.

ఆయన కథ చదివినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. జాతి వివక్ష ఆయన్ని తొక్కింది నిజమే, కానీ ఆయన ఫ్యాక్టరీలోకి పోగలిగాడు, మిషను ముట్టుకోగలిగాడు, పేటెంటు మీద తన పేరు రాయించుకోగలిగాడు. గింజల కొలతకు పనిచేసే మన గూడెం మనిషికి మిషను కొనే డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? మాట్‌జెలిగర్‌లాంటి బుర్ర మన లందల దగ్గర పుట్టలేదని ఎవరంటారు? పుట్టినా రాసిపెట్టే కాగితం లేదు.

5

మరి తోలుపని హాబీ ఎలా అయింది? 1919లో టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో హింక్లీ, టాండీ అనే ఇద్దరు చెప్పులు బాగుచేసేవాళ్ళకు సామాన్లమ్మే దుకాణం పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రుల్లో తోలుపని నేర్పేవారు. చేతులకు పని, మనసుకు కుదురు. టాండీ కొడుకు అందులో బేరం చూశాడు. యుద్ధం తర్వాత ఆ కంపెనీ హాబీ సామాన్ల కంపెనీ అయింది. ఒకచోట మనసుకు మందుగా ఇచ్చిన పనే ఇంకోచోట మనిషిని మైలపరిచింది. తోలు ఒకటే, ఆరె ఒకటే. అక్కడ ఆ పని ఇష్టమైతే చెయ్యొచ్చు, విసుగొస్తే మానొచ్చు. ఇక్కడ పుట్టుకతో వచ్చేది, మానితే దెబ్బలు పడేవి.

2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్ ఫ్యాషన్ షోలో కొల్హాపురి చెప్పుల్లాంటివి వేయించి, ఎక్కడివో చెప్పలేదు. గొడవయ్యాక ఒప్పుకుంది. మన దగ్గరా ఇంతే. తోలుబొమ్మ కళ అయింది, తోలుచెప్పు కులమైంది. మా ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, ఆ ఆడవాళ్ళ చేతికి దక్కాల్సిన గౌరవం అది. ఆ పక్క గూడెంలో కుట్టిన కిర్రుచెప్పుకు మాత్రం ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు.

6

ఇక్కడ మనలో మనకు ఒక చర్చ ఉంది. 'కులవృత్తిని కాపాడుకోవాలి' అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. కులం పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన అని 1936లోనే బాబాసాహెబ్ తేల్చారు. 1927లో మహాడ్‌లో చచ్చిన పశువు మాంసం మానమని చెప్పిందీ ఆయనే. మా తాత తన రంపెను అటక మీద పెట్టి మా నాన్నను ముట్టనివ్వలేదు. పలక కొట్టిన చేత్తో పలక పట్టమన్నాడు, బడిపలక. ఆ మానుకోవడం వల్లే నేనివాళ తరగతి గదిలో నిలబడి పాఠం చెప్తున్నాను. దాన్ని 'సంప్రదాయం పోయింది' అని ఏడ్చే హక్కు ఎవరికీ లేదు.

అయితే పని మానడం వేరు, విద్య మన చరిత్రలోంచి చెరిగిపోవడం వేరు. పలచటి చెక్కనీళ్ళు ముందు, చిక్కటివి తర్వాత అని కనిపెట్టిన బుర్ర మనది. దాన్ని కులం అని పిలిచి, శాస్త్రం అనే మాట ఇంకెవరికో ఇచ్చారు. మన పిల్లలకు ఆ పని అప్పగించొద్దు, ఆ చదువు వాళ్ళదేనని మాత్రం చెప్పాలి. రేపు మన ఇంటి పిల్ల ఇంజనీరై, ఆదివారం సరదాకి ఆరె పట్టుకుని తన బ్యాగు తానే కుట్టుకుంటే, చూసినవాళ్ళు కులం అడక్కుండా 'కుట్టు బాగుంది' అనగలిగితే, ఆ రోజు అది నిజంగా హాబీ అవుతుంది. అప్పటిదాకా ఆ మాట మనకు అప్పుగా కూడా దొరకదు.

ఒక్క పని చేయండి. మీ వాడలో లంద చూసిన ముసలమ్మ, ముసలాయన ఉంటే పక్కన కూర్చోండి. పనిముట్ల పేర్లు, తోలు ఊనే పద్ధతి, చెప్పు భాగాల పేర్లు వాళ్ళ యాసలోనే ఫోన్‌లో రికార్డు చేయండి. నెల్లూరు మాట వేరు, కర్నూలు మాట వేరు, నల్లగొండ మాట వేరు. అన్నీ కావాలి. లందలు ఎట్లాగూ ఎండిపోయాయి, ఆ మాటలన్నా మన చేతిలో మిగలాలి.

వచ్చే భాగంలో కపిల గురించి.