‘రెక్కర్’: నిందకూ వృత్తికీ నడుమ ఒక పదం

ఆంగ్లంలో ‘రెక్’ అన్న మాటకు తొలి అర్థం ఓడ పగలడం కాదు. పగిలిన ఓడ నుండి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరకు. మధ్యయుగపు ఇంగ్లండులో అది రాజుకో, ఆయన అనుమతి పొందిన భూస్వామికో చెందేది. 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం ఈ హక్కుకు ఒక వింత హద్దు పెట్టింది: మనిషి, కుక్క, పిల్లి – ఏ ఒక్క ప్రాణి బతికి బయటపడినా సరకును యజమాని కోసం భద్రపరచాలి.

ప్రభువు తీసుకుంటే హక్కు. కార్న్‌వాల్ తగరపు గనికార్మికుడు తీసుకుంటే దోపిడి. ‘రెక్కర్’ పదానికి నింద అంటినది ఈ తేడా వల్లనే. 1753 నాటి చట్టం ఓడసరకు దోపిడికీ, దొంగదీపాలు చూపడానికీ మరణశిక్ష విధించింది. దొంగదీపాలతో ఓడలను బండలకు రప్పించారనడానికి ఆధారాలు బహు స్వల్పం. ఆ కథను నిలబెట్టినవి ‘జమైకా ఇన్’ (1936) వంటి నవలలు.

ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో అదే పదం చట్టబద్ధమైన వృత్తికి పేరైంది. పగడపు దిబ్బల మీద చిక్కిన ఓడల సరకును కాపాడినవారికి న్యాయస్థానం వాటా నిర్ణయించేది. 1847 నుండి న్యాయమూర్తి లైసెన్సు తప్పనిసరి. నేటి అమెరికాలో చెడిన కారును లాగుకుపోయే బండి కూడా రెక్కరే.

ప్రభువుల హక్కునే తప్పుపట్టిన సందర్భం తెలుగు తీరంలో వెస్ట్‌మినిస్టర్ చట్టానికి ముందే ఉంది. తుఫానుకు చిక్కి ఒడ్డునపడిన ఓడల సర్వస్వాన్నీ పూర్వరాజులు బలవంతంగా హరించేవారని గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) చెబుతుంది. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోమని వర్తకులకు అభయమిస్తుంది. సుంకం ముప్పయింట ఒక వంతు.