లాంగ్‌టాంగ్ లోయ

లాంగ్‌టాంగ్ లోయ నేపాల్‌లోని రసువా జిల్లాలో, కాఠ్మాండూకు ఉత్తరాన టిబెట్ సరిహద్దుకు చేరువలో ఉన్న హిమాలయ లోయ, ప్రసిద్ధ పాదయాత్రా మార్గం. బ్రిటిష్ పర్వతారోహకుడు హెచ్. డబ్ల్యూ. టిల్‌మన్ 1949లో ఇక్కడ అన్వేషణ జరిపాడు. 1976లో ఈ ప్రాంతం 1,710 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానవనంలో భాగమైంది.

నడక సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న స్యాఫ్రుబేసిలో మొదలై, లాంగ్‌టాంగ్ ఖోలా నది వెంట అడవుల గుండా సుమారు 3,870 మీటర్ల ఎత్తులోని క్యాంజిన్ గోంపా చేరుతుంది. పైన 7,200 మీటర్లు దాటిన లాంగ్‌టాంగ్ లిరుంగ్ శిఖరం ఉంది. ఎత్తు వల్ల కలిగే అస్వస్థతను నివారించేందుకు ఈ దూరాన్ని సాధారణంగా మూడు నాలుగు రోజుల్లో నడుస్తారు. మార్చి–మే, అక్టోబరు–నవంబరు నెలలు అనుకూలం.

నివాసులు ప్రధానంగా టిబెటన్ మూలాలున్న బౌద్ధులు. లోయ దిగువన తమాంగులు అధికం. దారి మధ్యలో మంత్రాలు చెక్కిన పలకలను పేర్చిన మణి గోడలు ఉంటాయి. బాటసారులు వాటిని కుడిచేతి వైపు ఉంచుకొని సాగుతారు. జడలబర్రె, ఆవుల సంకరమైన చౌరీల పాలతో చీజ్ తయారుచేసే కేంద్రం క్యాంజిన్‌లో 1950లలో స్విస్ సహకారంతో ఏర్పడింది.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం వల్ల మంచు, రాళ్లు విరిగిపడి లాంగ్‌టాంగ్ గ్రామం దాదాపు పూర్తిగా సమాధి అయింది. గ్రామస్థులు, విదేశీ యాత్రికులు కలిపి వందల మంది మరణించారు. బతికినవారు పాత గ్రామానికి కొంత ఎగువన ఇళ్లు, వసతి గృహాలు కట్టుకున్నారు. ప్రస్తుతం పాదయాత్రికుల రాకే వారి ప్రధాన జీవనాధారం.