మానేరు ఇసుక, మండపేట గ్యాసు

మేము గంభీరావుపేట దిక్కు తండాల పిల్లలం. మన నేల కింద గ్యాసున్నదా అని ఎవరన్న అడిగితే లేదనే చెప్తం. మనకున్నది గ్రానైటు, నైసు రాయి. అది గ్యాసు దాచుకునే రాయి కాదు. అయినా నర్మాల దాటిన మానేరు నీళ్లు మంథని దిక్కు పోయి గోదావరిల కలుస్తయి. అక్కడికి పోయేసరికి రాయి మారుతది. గోండ్వానా ఇసుకరాయి, దాని నడుమ బొగ్గు.

ఈ పేరు ఎక్కడిదో చాలమందికి తెల్వదు. 1872లో భూగర్భ సర్వే అధికారి మెడ్లికాట్ మధ్య భారతంలోని గోండుల రాజ్యం పేరునే ఈ రాళ్లకు పెట్టిండు. తర్వాత దక్షిణాది ఖండాలన్నీ కలిసున్న పాత ఖండానికే ఆ పేరు వచ్చింది. ప్రపంచంలో జియాలజీ చదివే ప్రతి పిల్లగాడు గోండుల పేరు పలుకుతడు, గోండులెవరో తెల్వకుండనే.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించిండు. అది కోయల ప్రాంతం. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు పోయినయి. 1920ల అదే సింగరేణి కంపెనీ అయింది.

ఇదే గోండ్వానా రాయి ఆగ్నేయంగా సాగి, గోదావరి డెల్టా కింద వేల మీటర్ల లోతుకు దిగింది. మండపేట దగ్గర ఓఎన్‌జీసీకి అందులనే గ్యాసు దొరికింది. కానీ అది బిగుతు ఇసుకరాయి. మానేరు ఇసుక మీద బిందె నీళ్లు పోస్తే ఇట్టే ఇంకిపోతయి. అసుంటి ఇసుకే కోట్ల ఏండ్లు అణిగి, రేణువుల సందుల్ల సిలికా, బంకమట్టి పేరుకుంటే గ్యాసు కదలదు. రాయిలోంచి గ్యాసు కదిలే గుణం మిల్లీడార్సీలో పదో వంతు కన్న తక్కువుంటే దాన్ని టైట్ గ్యాస్ అంటరు. బోరు ఏస్తే సరిపోదు. ఇసుక కలిపిన నీళ్లు గట్టి ఒత్తిడితో పంపి రాయిని పగలగొట్టాలె. అంటే నీళ్లు కావాలె, జాగ కావాలె.

మన లెక్క ఇక్కడ మొదలైతది. 1997ల సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకియ్యొద్దన్నది. 1996 పెసా చట్టం చిన్న ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ సిఫారసు ముందే ఉండాలన్నది. గ్యాసు చిన్న ఖనిజం కాదు, రాజ్యాంగంల కేంద్ర జాబితాల ఉన్నది. పెసా కింద గ్రామసభకు మిగిలేది భూసేకరణ అప్పుడు సంప్రదింపు. 2018ల కేంద్రం, కంపెనీలు తమకున్న బ్లాకులల్లనే ఇసుంటి గ్యాసు కూడా ఎతుక్కోవచ్చన్నది. గంభీరావుపేట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, మాకు పెసా కింది ఆ సంప్రదింపు కూడా లేదు.

ఇల్లందు, మణుగూరు దిక్కు కోయ దోస్తులు మీ గ్రామసభ తీర్మానాల పుస్తకం ఒకసారి తీసి చూడుండ్రి. బోరు సర్వేకు ఎప్పుడన్న ఊరిని అడిగిన్రా, అడిగితే ఏ తారీఖున, ఎంతమంది సంతకం పెట్టిన్రు, మాకు రాయుండ్రి.