వైద్యం అయిపోయాక వచ్చే నొప్పి

కాన్సర్ వైద్యం పూర్తయిందని డాక్టరు చెప్పిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కొబ్బరికాయ కొడతారు, బంధువులకి ఫోన్లు చేస్తారు. ఆర్నెల్లో ఏడాదో గడిచాక ఆ మనిషికి దగ్గు వస్తుంది, లేకపోతే నడుం నొప్పి. వేరేవాళ్ళకైతే అది ఉత్త దగ్గే. వీళ్ళ విషయంలో మాత్రం పైకి ఎవరూ అనని ప్రశ్న ఒకటి వచ్చి ఇంట్లో కూర్చుంటుంది: "మళ్ళీ వచ్చిందా?" అమెరికాలో ఉన్న నాబోటి వాళ్ళకి ఆ ప్రశ్న రాత్రి పూట వస్తుంది. అక్కడ ఆస్పత్రులు తెరిచేది అప్పుడే కదా!

మా అమ్మకి రొమ్ము కాన్సర్ వైద్యం పూర్తయి మూడేళ్ళు దాటింది. నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ల వాణ్ణి. కానీ ఈ మూడేళ్ళలో చదివిన దాన్నిబట్టి ఈ భయానికీ ఓ చరిత్ర ఉందనీ, అందులో మనకి పనికొచ్చే సంగతులున్నాయనీ తెలిసింది.

మందుతో తగ్గడం, మళ్ళీ తిరగబెట్టడం అన్న కథలో మన తెలుగువాడి పేరు కూడా ఉంది. 1948 లో బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మందు తయారైంది లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో. అంతకు ముందు ఆ జబ్బుకి మందన్నదే లేదు. అయితే ఆ తగ్గడం కొన్ని నెలల ముచ్చటే అయింది. ఈ రోజుల్లో ఆ జబ్బు చాలామంది పిల్లలకి పూర్తిగా నయమవుతోంది గానీ, "తగ్గింది" అన్న మాట పక్కనే "మళ్ళీ వస్తుందేమో" అని కాచుకుని కూర్చోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

కొత్త లక్షణం కనబడగానే అది జబ్బే అనుకోనక్కర్లేదని చెప్పే కథ ఇంకా పాతది. బాల్టిమోర్ లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1894 లో తన ఆపరేషన్ గురించి రాశాడు. రొమ్ముతో పాటు కింద ఉన్న ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు అన్నీ తీసేయడం. తర్వాత చాలామంది ఆడవాళ్ళకి ఆ వైపు చెయ్యి వాచిపోయేది. 1921 లో ఆ వాపు మీదే ఆయన ఒక వ్యాసం రాసి, దానికి "సర్జరీ వల్ల వచ్చిన బోద" అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. బోదకాలు చూసిన మన వాళ్ళకి ఆ పోలిక వేరే విడమరచి చెప్పక్కర్లేదు. అంటే, వైద్యం కూడా లక్షణాలు మిగులుస్తుంది. ఛాతీకి రేడియేషన్ ఇచ్చిన కొన్ని నెలలకి పొడిదగ్గు రావచ్చు. మెడకి ఇస్తే థైరాయిడ్ మందగించవచ్చు. మా అమ్మ రోజూ వేసుకునే లెట్రోజోల్ మాత్ర కీళ్ళ నొప్పులు తెస్తుంది, ఎముకల్ని పలచబరుస్తుంది.

సరే, మరి తేల్చుకునేదెలా? 1971 లో లండన్ లో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. ఎముకల స్కాన్లు కూడా ఆ రోజుల్లోనే వ్యాపించాయి. ముందే వెతికి పట్టుకుంటే ముందే కాపాడొచ్చని అందరూ నమ్మారు. వినడానికి ఎంతో సబబుగా ఉంది కదా! ఇటలీ డాక్టర్లు ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. రొమ్ము కాన్సర్ వైద్యం అయిన వాళ్ళని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి ఏ బాధా లేకపోయినా క్రమం తప్పకుండా ఎక్సరేలు, ఎముకల స్కాన్లు చేశారు. రెండో జట్టుకి డాక్టరు చూడటం, ఏడాదికోసారి మామోగ్రామ్, బాధ చెబితేనే మిగతా పరీక్షలు. 1994 లో ఇలాంటి అధ్యయనాలు రెండు వచ్చాయి. 1,320 మందితో చేసిన దాంట్లో మొదటి జట్టులో 20 శాతం, రెండో జట్టులో 18 శాతం చనిపోయారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అండాశయ కాన్సర్ లో రక్త పరీక్ష చూసి ముందే మందులు మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదని 2010 లో తేలింది. అన్ని కాన్సర్లకీ ఇదే లెక్క కాదు. పెద్దపేగు కాన్సర్ తిరగబెట్టినా, కాలేయంలో చిన్న గడ్డగా ఉండగా దొరికితే కోసి తీసేయొచ్చు. అందుకే అక్కడ రక్త పరీక్షలూ సీటీ స్కాన్లూ క్రమంగా చేస్తారు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. పోయిన నెల అమ్మకి నడుం నొప్పి మొదలైంది. నాతో చెప్పలేదు, అక్కతో చెప్పింది. నేను అడిగితే "బియ్యం డబ్బా జరిపాను లేరా, అదే పోతుంది" అంది. అప్పటికి మూడు వారాలు. మాత్ర వల్లేనని అక్క, పెట్ స్కాన్ వెంటనే చేయించాలని బావగారు. ఆ 1994 లెక్కలు చూపించి "అనవసరంగా పరీక్షలెందుకు" అనే వాళ్ళూ ఉంటారు. కానీ ఆ లెక్కలు ఏ బాధా లేని వాళ్ళవి. బాధ ఉన్న మనిషిని వెంటనే చూడాలన్నది రెండు జట్లకీ వర్తించిన నియమమే. అక్క తీసుకెళ్తే డాక్టరు గారు వెన్ను పూస పూసనా నొక్కి చూసి, రాత్రిళ్ళు నొప్పి పెరుగుతోందా, కాళ్ళలో తిమ్మిరి ఉందా అని అడిగారు. ఎక్సరేలో ఎముకలు పలచబడినట్టు కనిపించింది. వచ్చే వారం ఎముకల స్కాన్. (నడుం నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, ఒంటికీ రెంటికీ తెలియకుండా అయిపోతున్నా వారం దాకా ఆగకూడదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు.)

అంటే ఇన్నేళ్ళ చరిత్రా తిరిగి తిరిగి ఒక్క చోటికే వచ్చింది. రొమ్ము కాన్సర్ లో ఏ స్కాన్ చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో తేల్చేది ముందుగా ఆ మనిషి చెప్పే మాటే. ఆవిడ చెప్పకపోతే ఆ పద్ధతి మొత్తం కూలిపోతుంది. మన అమ్మలు చెప్పరే! కొడుక్కి సెలవు దొరుకుతుందో లేదో, టికెట్టుకి ఎంతవుతుందో, వీసా గొడవలేమిటో అన్నీ లెక్కేసుకుని, చివరికి "బియ్యం డబ్బా" అంటారు.

ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అనే డాక్టరు తనే కాన్సర్ పాలై, కోలుకుని, 1985 లో ఒక వ్యాసం రాశాడు. వైద్యం అయిపోయాక తిరగబెడుతుందన్న భయమే రాజ్యమేలే కాలం ఒకటి ఉంటుందనీ, దాన్ని రోగి ప్రయాణంలో ఒక దశగానే గుర్తించాలనీ ఆయన మాట. ఆ దశలో మనిషిని ఒంటరిగా వదిలేయకుండా, చేసిన వైద్యం వివరాలు, ముందు ముందు గమనించాల్సినవి కాయితం మీద రాసి ఇవ్వాలని అమెరికాలో 2006 లో అచ్చయిన ఒక జాతీయ నివేదిక సిఫారసు చేసింది.

అలాంటి కాయితం మేం అమ్మ ఫైల్లో పెట్టాం: ఆపరేషన్ తేదీ, ఇచ్చిన మందులు, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు, ఇప్పుడు వేసుకునే మాత్రలు. దాని కింద అక్క చేతిరాతతో ఇంటి ఒప్పందం ఒకటి. కొత్త బాధ ఏదైనా వస్తే ఆ రోజే చెప్పాలి. ఎక్కువైనా, రెండు వారాలు దాటినా డాక్టరు దగ్గరికి. అమ్మ చెప్పినంత మాత్రాన ఎవరూ ఏడవకూడదు, విమానం ఎక్కకూడదు. ఈ ఆఖరి షరతు అమ్మదే. అది రాశాకే సంతకం పెట్టింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నావు" అనకండి. "బానే ఉన్నా" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. "రాత్రి నిద్ర పట్టిందా, ఎటు తిరిగి పడుకున్నావు, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా" అని అడగండి. వినేటప్పుడు గొంతు మాత్రం మామూలుగా ఉంచుకోండి.